మొదటి బండిని ఎలా ఎంచుకోవాలి: తిరుపతి, చిత్తూరు దారుల్లో కొత్తగా నడిపేవారికి

మన ప్రాంతంలో ఎవరైనా బండి కొన్నారని తెలిస్తే మొదట వినిపించే ప్రశ్న "ఎంత ఇస్తాది?" అన్నదే. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందన్నది దాని భావం. రెండో ప్రశ్న పికప్ గురించి ఉంటుంది. బ్రేకు పట్టాక ఎంత దూరంలో ఆగుతుంది, నిలబెట్టినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనుతాయా, ఇసుక పడిన మలుపులో మీ చేతికి లొంగుతుందా అని అడిగేవారు అరుదు. పదేళ్లుగా నడిపినవారికి ఈ సంగతులు చేతికే తెలుస్తాయి గనుక వారు అడగకపోయినా ఇబ్బంది లేదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మీరు మాత్రం వీటినే ముందు తేల్చుకొని, మైలేజీ, పికప్, రంగు వంటి వాటిని తరువాతికి ఉంచుకోవాలి. కింది క్రమం ఆ ఉద్దేశంతో రాసినదే.

షోరూముకు వెళ్లే ముందు నేర్చుకోండి

మొదట ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు, తీసుకోండి. గేర్లున్న మోటారు సైకిలుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికి వచ్చిన 30 రోజుల తరువాతే పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లే వీలుంటుంది. చాలామంది ఈ 30 రోజులను ఆర్టీఓ ఆఫీసు పెట్టే అడ్డంకిగా భావిస్తారు గానీ, నా అభిప్రాయంలో బండి ఎంపికకు ఇంతకంటే పనికొచ్చే సమయం మరొకటి లేదు. మీ ఇంట్లోనో, మామ ఇంట్లోనో ఉన్న పాత 100 సీసీ బండిని అడిగి తీసుకొని, ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించి, ఆదివారం తెల్లవారుజామున ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్ రోడ్ల మీద నడపండి. అలాంటి రోడ్లకు తిరుపతి చుట్టూ గానీ, చిత్తూరు చుట్టూ గానీ కొదవ లేదు.

అక్కడ మూడు పనులు సాధన చేయాలి. ఒకటి, సగం క్లచ్చు మీద మనిషి నడిచే వేగంతో కాలు దించకుండా వెళ్లడం. గాంధీ రోడ్డులో గానీ, లీలామహల్ కూడలి దగ్గర గానీ మీరు ఎక్కువసేపు ఉండబోయేది ఆ వేగంలోనే. రెండు, ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదలడం. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది: నేల మీద సుద్దతో గీత గీసి, గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చి, రెండు బ్రేకులూ కలిపి వాడి ఆ గీత దగ్గర ఆపడం.

ఈ మూడో సంగతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ముందు బ్రేకు పడితే బోల్తా కొడతామన్న భయంతో వెనక బ్రేకు ఒక్కటే తొక్కే అలవాటు మన దగ్గర పెద్దలనుంచి పిల్లలకు వస్తోంది. నిజానికి బండి వేగం తగ్గేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది; వెనక చక్రం తేలికై, రోడ్డును పట్టుకునే శక్తి కోల్పోతుంది. అందువల్ల బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. అయితే దాన్ని ఒక్కసారిగా గుంజకుండా, బండి నిటారుగా ఉన్నప్పుడు, వేళ్లతో క్రమంగా బిగించాలి. బండి వాలి ఉన్న మలుపులోనూ, ఇసుక మీదా, వాన మొదలైన మొదటి పది నిమిషాల్లో జిడ్డు తేలిన తారు మీదా మాత్రం చాలా సున్నితంగా వాడాలి. ఇది చేతికి అలవాటు కాకముందే ఎక్కువ శక్తి ఉన్న బండి కొనడం తప్పని నా గట్టి నమ్మకం.

మీ దారులను కాగితం మీద రాయండి

ఒక వారం పాటు మీరు వెళ్లే ప్రతి చోటునూ, దూరాన్నీ, వెనక ఎవరు కూర్చుంటారో, ఏ బరువు మోస్తారో, రాత్రి బండి ఎక్కడ నిలుపుతారో రాసుకోండి. చంద్రగిరి నుంచి తిరుపతికి కాలేజీకి వచ్చే విద్యార్థి అవసరం వేరు. రాత్రి షిఫ్టు ముగించుకొని రేణిగుంట వైపునుంచి లారీల మధ్య ఇంటికి వచ్చేవారి అవసరం వేరు. గుడిపాల దగ్గరి పల్లెనుంచి చిత్తూరుకు రెండు పాల క్యాన్లు కట్టుకొని వచ్చేవారికి పొడవాటి సీటు, గట్టి క్యారియరు, కిక్కుతో కూడా లేచే ఇంజిను కావాలి. బైరాగిపట్టెడ వంటి పాత వీధుల్లో ఇల్లున్నవారు, బండిని మెట్ల పక్క సందులోకి వెనక్కి తోసి పెట్టగలరా అన్నదే మొదట చూసుకోవాలి.

ఈ కాగితం ఉంటే మైలేజీ ప్రశ్నకు కూడా సరైన జవాబు దొరుకుతుంది. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగేవారికి మొత్తం 750 కిలోమీటర్లవుతుంది. లీటరుకు 60 ఇచ్చే బండికి పన్నెండున్నర లీటర్లు, 45 ఇచ్చే బండికి పదహారున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. లీటరు 110 రూపాయలుగా లెక్కిస్తే తేడా నెలకు సుమారు 460 రూపాయలు. ఇది ఏడాదికి ఐదు వేలు దాటుతుంది గనుక పట్టించుకోవలసినదే. రోజుకు పది కిలోమీటర్లే తిరిగేవారికి అదే తేడా నెలకు 150 రూపాయల చిల్లర. ఆ మాత్రానికి మంచి బ్రేకులను వదులుకోవడం తెలివైన పని కాదు.

కొండ దారి సంగతి

తిరుపతిలో బండి కొన్నవారెవరైనా ఏదో ఒక రోజు తిరుమల ఎక్కక మానరు గనుక ఘాట్ రోడ్డును లెక్కలోకి తీసుకోక తప్పదు. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుకలో ఉన్నాయి. ఎక్కడం గురించే అందరూ బెంగపడతారు. ఇద్దరు కూర్చున్న 100 సీసీ బండి రెండో గేరులో కాస్త మూలిగినా పైకి చేరుతుంది. తొందరపడే పనే లేదు, ఎందుకంటే ఘాట్ రోడ్డు మీద నిర్ణీత సమయం కంటే ముందుగా చేరడమే తప్పు కింద లెక్క.

అసలు పరీక్ష దిగేటప్పుడు ఎదురవుతుంది. న్యూట్రల్లో వేసి, పెట్రోలు మిగిలిందని మురిసిపోతూ బ్రేకుల మీదే దిగేవారిని మీరు చూసే ఉంటారు. అలా దిగితే డ్రమ్ము బ్రేకులు వేడెక్కి, సగం దారిలో పట్టు తగ్గిపోతుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి, యాక్సిలరేటరు వదిలి, ఇంజినే బండిని పట్టి ఉంచేలా చూస్తూ, మలుపుకు ముందు మాత్రమే కొద్దిగా బ్రేకు పట్టి వదలాలి. ముందు డిస్కు బ్రేకు ఉన్న బండి వేడిని త్వరగా బయటికి వదులుతుంది. నెలకు ఒకటి రెండుసార్లయినా కొండకు వెళ్లేవారు, మదనపల్లె వైపు భాకరాపేట ఘాటులో గానీ, పలమనేరు వైపు మొగిలి ఘాటులో గానీ తరచుగా తిరిగేవారు, కొన్ని వేలు ఎక్కువైనా డిస్కు ఉన్న రకాన్నే తీసుకోవాలని నా సలహా. తిరుమలకు ద్విచక్ర వాహనాలను అనుమతించే వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు అలిపిరి దగ్గర కనుక్కోవడం మంచిది.

మీ ఒంటికి సరిపోతుందా చూడండి

షోరూములో బండిని సైడ్ స్టాండు మీద చూసి నిర్ణయించకండి. మీరు రోజూ వేసుకొనే చెప్పులతోనో, బూట్లతోనో వెళ్లి, స్టాండు తీసి కూర్చోండి. రెండు పాదాల ముందు భాగాలైనా నేలకు గట్టిగా ఆనాలి. ఒక కాలు మాత్రమే వేళ్ల మీద ఆనుతుంటే, రోడ్డు ఒక పక్కకు వాలి ఉన్నచోట ఆపినప్పుడు బండి ఆ పక్కకే ఒరుగుతుంది. తరువాత కూర్చునే పది అడుగులు వెనక్కి జరపండి. దిగి సెంటర్ స్టాండు వేసి తీయండి. హ్యాండిలును రెండు చివరలదాకా తిప్పి, ఆ స్థితిలో కూడా క్లచ్చు, ముందు బ్రేకు లీవర్లు మీ వేళ్లకు అందుతున్నాయో లేదో చూసుకోండి.

కొన్ని అంకెలు చెబితే తేడా తెలుస్తుంది. స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. షైన్ 100 బరువు 99 కిలోలే. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. యమహా ఆర్15 బరువు 140 కిలోల చిల్లరే అయినా సీటు 815 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. పైగా ముందుకు వంగి కూర్చోవాలి గనుక ఊళ్లో నడిపేటప్పుడు మణికట్ల మీద భారం పడుతుంది. నడిచేటప్పుడు బరువు తెలియదని బుల్లెట్ అభిమానులు చెప్పేది నిజమే. అయితే కొత్తవారు పడిపోయేది ఎక్కువగా ఆగేటప్పుడూ, తిప్పుకునేటప్పుడూ, పార్కింగులోనూ. అక్కడ మాత్రం ప్రతి కిలో తెలుస్తుంది.

వెనక కూర్చునేవారిని కూడా షోరూముకు తీసుకువెళ్లండి. చీర కట్టుకున్న అమ్మగారు ఒక పక్కకు తిరిగి కూర్చున్నప్పుడు పట్టుకోవడానికి పట్టీ, కాలు పెట్టుకోవడానికి అడుగు, చక్రానికి శారీ గార్డు ఉండాలి. వెనక కూర్చునేవారికి పట్టు, ఫుట్‌రెస్టు, వెనక చక్రానికి సగందాకా రక్షణ ఉండాలని మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. అందం చెడుతుందని శారీ గార్డు విప్పించేవారి మాట వినకండి.

ఎన్ని సీసీలు

ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లెలకూ తిరిగే కొత్తవారికి 100 నుంచి 125 సీసీ బండి చాలు. స్ప్లెండర్ 1994 నుంచి ఈ రోడ్ల మీద ఉంది గనుక ఏ పల్లె మెకానిక్కుకైనా దాని ప్రతి మర చేతికి తెలుసు. పుత్తూరులో ఆగినా, కుప్పంలో ఆగినా విడిభాగం దొరుకుతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకో, నాయుడుపేటకో జాతీయ రహదారి మీద వారానికి రెండు మూడుసార్లు వెళ్లేవారికి 125 సీసీ మేలు, ఎందుకంటే పక్కనుంచి బస్సు దాటినప్పుడు తేలికైన 100 సీసీ బండి గాలికి ఊగుతుంది, లారీని దాటవలసి వస్తే దాని శక్తి చాలదు. రోజూ హైవే తప్పనివారు 150, 160 సీసీల వైపు చూడవచ్చు. 200 సీసీలు, ఆపైవి మొదటి ఏడాదికి వద్దనే చెబుతాను. డబ్బు ఉండవచ్చు, ధైర్యం కూడా ఉండవచ్చు. మణికట్టు కొద్దిగా తిప్పితే ఎంత వేగం వస్తుందో ఆ మణికట్టుకు ఇంకా తెలియదు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీలకు మించిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోయి జారకుండా అది కాపాడుతుంది. అంతకు తక్కువ వాటికి కనీసం సీబీఎస్ ఉంటుంది. వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడేలా చేసే ఏర్పాటది, వెనక బ్రేకు ఒక్కటే తొక్కే మన అలవాటుకు ఒక విధంగా విరుగుడు. హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ వంటి కొన్ని 125 సీసీ బండ్లలో ఏబీఎస్ ఉన్న రకం కూడా దొరుకుతుంది. డబ్బు మిగిలితే అలాయ్ చక్రాల సోకు కంటే ముందు దీని మీద పెట్టండి.

డబ్బు లెక్క

షోరూము గోడ మీద రాసే ధర ఒకటి, మీ జేబులోంచి పోయేది మరొకటి. ఎక్స్‌షోరూము ధరకు లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను, బీమా కలిపితే వచ్చే ఆన్‌రోడ్ ధరను కాగితం మీద విడివిడిగా రాయించుకోండి. 350 సీసీల వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది గనుక అంతకుముందు కొన్న మిత్రుడు చెప్పే ధరతో పోల్చుకోకండి. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి కలిగే నష్టానికి చేసేది) 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. సొంత బండి నష్టానికి చేసే బీమాను ఏడాదికోసారి వేరుగా తీసుకోవచ్చు. బీమా షోరూములోనే చేయించాలన్న నిబంధన ఏదీ లేదు. హ్యాండ్లింగ్ చార్జీలని ఒక పద్దు కనిపిస్తే అదేమిటని నిదానంగా అడగండి. అడిగినవారికి చాలాచోట్ల అది తగ్గుతుంది.

కంతుల మీద కొనేటప్పుడు "పది శాతమే వడ్డీ" అన్న మాటను ఆచితూచి వినాలి. 80,000 రూపాయల అప్పుకు పది శాతం ఫ్లాట్ వడ్డీ రెండేళ్లకు 16,000 అవుతుంది; మొత్తం 96,000ను 24 నెలలకు పంచితే నెలకు 4,000. మీరు ప్రతి నెలా అసలులో కొంత తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న 80,000 మీదే పడుతోంది. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది దాదాపు 18 శాతం వడ్డీతో సమానం. అదే అప్పు బ్యాంకులో తగ్గే అసలు మీద ఎంతకు వస్తుందో అడిగి, ఆ తరువాతే సంతకం పెట్టండి.

హెల్మెట్టును ఉచితంగా ఇస్తామన్నా దాని మీద ఆశ పెట్టుకోకుండా వేరుగా కొనండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 సంఖ్య ఉండి, గడ్డందాకా కప్పేది తీసుకోవాలి. పెట్టుకొని పట్టీ బిగించి తల ఊపితే అది తలతోపాటే కదలాలి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, అంటే వెనక కూర్చునేవారికి కూడా, చట్టప్రకారం హెల్మెట్టు ఉండాలి గనుక బండి ఖర్చులో రెండు హెల్మెట్లు రాసుకోండి. మే నెల ఎండలో తిరుపతిలో నిండు హెల్మెట్టు పెట్టుకోవడం కష్టమే. గాలి రంధ్రాలున్నదాన్నీ, లోపలి గుడ్డను తీసి ఉతుక్కోగలిగేదాన్నీ ఎంచుకుంటే కొంత నయం.

పాత బండి కొనేటట్లయితే

మొదటి బండి ఎలాగూ రెండు మూడుసార్లు నేల తాకుతుంది గనుక పాతది కొనడం మంచి ఆలోచనే. నా మొదటి బండి కూడా పాతదే. నేను చూడడానికి వెళ్లేసరికి అమ్మేవారు దాన్ని అప్పటికే ఒక చుట్టు తిప్పి వచ్చారు. ఒక్క కిక్కుకే లేచింది, నేను మురిసిపోయాను. ఇంటికి తెచ్చుకున్న మరుసటి తెల్లవారి ఇరవై కిక్కులు కొట్టినా లేవలేదు. చల్లబడితే మొరాయించే ఇంజినని ఆ రోజు తెలిసింది. అందుకే ఉదయాన్నే, ముందుగా చెప్పకుండా వెళ్లి, మొదట ఇంజిను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే టీ తాగి వస్తామని చెప్పి, చల్లారాక స్టార్టు చేయించండి. సైలెన్సరునుంచి నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే లోపల ఆయిలు కాలుతోందన్నమాట.

తరువాత సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేచేలా వెనక ఒకరిని నొక్కమని, ఫోర్కులను పట్టుకొని ముందుకూ వెనక్కూ కదిలించండి. లటలటమంటే హ్యాండిలు తిరిగేచోటి బేరింగు, అంటే కోన్‌సెట్ పోయింది. ఫోర్కు గొట్టాల మీద ఆయిలు తడి, వెనక పళ్లచక్రం నుంచి చేతితో లాగితే వదులుగా లేచే చైను, ఒక పక్కే అరిగిన టైరు, వీటన్నిటికీ డబ్బు లెక్కగట్టి ధరలో తగ్గించమనండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. అయిదారేళ్లు దాటిన టైరు కంటికి బాగానే ఉన్నా గట్టిపడి, తడి రోడ్డు మీద జారుతుంది.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఏపీ 03 ఉమ్మడి చిత్తూరు జిల్లా గుర్తు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది గనుక 03 ఉన్న బండి అంతకుముందు రిజిస్టరైనదే. రిజిస్ట్రేషను 15 ఏళ్లదాకా చెల్లుతుంది. ఎన్నేళ్లు మిగిలాయో చూసుకోండి. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు తమిళనాడు, కర్ణాటక నంబర్ల బండ్లు చవకగా దొరుకుతాయి. ఆ చవక చాలావరకు పైపైదే. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకోవలసి ఉంటుంది. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ కలిపితే మన రాష్ట్రపు బండే చవక అని తేలుతుంది.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. సీ బుక్కు (రిజిస్ట్రేషను పత్రం) లోని ఛాసిస్, ఇంజిను నంబర్లను బండి మీద ఉన్నవాటితో మీ కళ్లతో పోల్చండి. ఎంపరివాహన్ యాప్‌లో యజమాని పేరు, బీమా గడువు, ఫైనాన్సు ఉందా లేదా అన్నవి చూసి, పెండింగు చలాన్లను అమ్మేవారితోనే కట్టించండి. ఫైనాన్సు తీరిపోయి కూడా సీ బుక్కులో అలాగే ఉంటే, ఫైనాన్సు సంస్థనుంచి ఎన్ఓసీ, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. యజమాని పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకొని, కొన్న 30 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవాలి. బీమాను కూడా అప్పుడే మార్పించండి. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలతో ముగ్గురు చేతులు మారిన బండి ఎంత చవకైనా వదిలేయండి.

బండి ఇంటికి వచ్చిన రోజు

డెలివరీ ఇచ్చేటప్పుడు టైర్ల గాలి, రెండు బ్రేకులు, ఇండికేటర్లు, హారన్, రెండు తాళాలు, టూల్ కిట్టు అక్కడే చూసుకోండి. చక్రం కింద నిమ్మకాయ పెట్టాక చాలామంది నేరుగా కాణిపాకం బయలుదేరతారు. చిత్తూరువారికి అది దగ్గరే. తిరుపతినుంచి వెళ్లేవారికి దాదాపు 70 కిలోమీటర్ల హైవే. అలవాటు లేని బండి, కొత్త టైర్లు, కొత్త చేయి కలిసిన రోజున అది మీరు నడపవలసిన దారి కాదు. ఇంట్లో అనుభవం ఉన్నవారిని నడపమని, మీరు హెల్మెట్టు పెట్టుకొని వెనక కూర్చోండి. కొత్త టైర్ల పైపొర నునుపుగా ఉంటుంది గనుక మొదటి వంద కిలోమీటర్లలో మలుపుల్లో ఎక్కువ వాల్చకూడదు. ఇంజినును మొదటి సర్వీసుదాకా, అంటే పుస్తకంలో రాసిన 500, 750 కిలోమీటర్ల వరకు, ఒకే వేగంలో గంటలకొద్దీ లాగకుండా, గట్టిగా ఏడిపించకుండా నడపండి. వెనక మనిషిని ఎక్కించుకోవడం రెండో నెలలో, ఘాట్ రోడ్డు ఆ తరువాత. మొదటి సర్వీసులో ఆయిలు మార్చారో లేదో, చైను బిగువు సరిచేశారో లేదో దగ్గరుండి చూసి, క్లచ్చు, బ్రేకు లీవర్లను మీ వేళ్ల పొడవుకు తగినట్టు సరిచేయమని మెకానిక్కును అడగండి. అయిదు నిమిషాల పని, అడిగితేనే చేస్తారు.